నాలుగు గేర్ల పాత కారుకు ఐదో గేరు: ఎంజీబీ కారు ఆధారంగా ఒక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు గేరు నిష్పత్తి, తుది నిష్పత్తి, టైరు చుట్టుకొలత తెలిసిన ఏ కారుకైనా ఏ వేగం దగ్గర ఇంజను ఎంత తిరుగుతుందో లెక్కగట్టగలుగుతారు. ఒక పాత కారుకు ఐదు గేర్ల గేర్‌బాక్స్ అమర్చడం వల్ల ఏం లాభం, ఏం నష్టం అన్నది పని మొదలుపెట్టకముందే కాగితం మీద తేల్చగలుగుతారు. గేర్‌బాక్స్ మార్పిడిలో దానితోపాటు మారే భాగాలేవో, వాటిలో దేన్ని ఎలా కొలిచి సరిచూడాలో వివరించగలుగుతారు.

9.1 పరిచయం

గత యూనిట్‌లో గేర్‌బాక్స్ లోపల పళ్ల చక్రాలు, సింక్రోమెష్ ఎలా పనిచేస్తాయో తెలుసుకొన్నారు. ఇపుడు ఆ పరిజ్ఞానాన్ని ఒక నిజమైన సమస్యకు అన్వయిద్దాం. పాత కార్లను ఇష్టంగా పెంచుకొనేవారు మెకానిక్ దగ్గరికి తరచుగా తెచ్చే కోరిక ఒకటుంది: "బండి అరవై దాటితే ఇంజను గోల పెడుతోంది. ఇంకో గేరు ఉంటే బాగుండు. ఐదు గేర్ల బాక్స్ వేయగలరా?"

వేయవచ్చు. అయితే ఈ ప్రశ్నకు "వేయవచ్చు" అన్నది సరైన మొదటి జవాబు కాదు. "మీ కారు తుది నిష్పత్తి ఎంత?" అని తిరిగి అడగడం సరైన మొదటి జవాబు. ఎందుకో ఈ యూనిట్ మొత్తం చెబుతుంది.

ఉదాహరణగా బ్రిటన్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును తీసుకొందాం. ఇది 5 లక్షలకు పైగా తయారైన కారు. మన రోడ్ల మీద అరుదే. అయినా దీన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, దీని గేరు నిష్పత్తులు, కొలతలు స్పష్టంగా తెలుసు. ప్రపంచంలో ఐదు గేర్ల మార్పిడికి ఎక్కువగా గురైన పాత కార్లలో ఇదొకటి. రెండు, దీని ఇంజను మీకు బంధువే. ఎంజీబీలోని 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను, మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు ఉన్న 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను రెండూ బి-సిరీస్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసినవారికి ఎంజీబీ ఇంజను కొత్తగా అనిపించదు.

9.2 ఇంజను ఎందుకు గోల పెడుతుంది?

1960లలో కారు రూపొందించినవారు నాలుగో గేరును సాధారణంగా 1.00 నిష్పత్తిలో ఉంచేవారు. అంటే ఇంజను ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. దీన్ని నేరుగా పోయే గేరు అంటాం. ఈ గేరులో శక్తి కింది షాఫ్టు పళ్ల మీదుగా పోదు కాబట్టి నష్టం తక్కువ. అప్పటి రోడ్లకు, అప్పటి వేగాలకు అది సరిపోయింది. ఆ తరవాత హైవేలు వచ్చాయి. గంటల తరబడి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవడం మామూలైంది. కారు మాత్రం పాతదే.

లెక్క చూద్దాం. ఎంజీబీ తుది నిష్పత్తి 3.909. అంటే వెనక ఇరుసులోని పినియన్ 3.909 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 14 అంగుళాల రిమ్ముకు వేసే 165 వెడల్పు రేడియల్ టైరు ఒక చుట్టుకు నేల మీద దొర్లే దూరం సుమారు 1.88 మీటర్లు. కాబట్టి ఇంజను నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతున్నపుడు నాలుగో గేరులో కారు వేగం:

వేగం = (1,000 × 60 × 1.88) ÷ (1,000 × 1.00 × 3.909) = గంటకు సుమారు 28.9 కి.మీ.

ఈ సూత్రంలో భాజకంలోని 1,000 మీటర్లను కిలోమీటర్లలోకి మార్చడానికి, 1.00 గేరు నిష్పత్తి; 3.909 తుది నిష్పత్తి. ఏ గేరుకైనా ఆ 1.00 స్థానంలో ఆ గేరు నిష్పత్తిని వేస్తే సరిపోతుంది. దీన్ని ఒకసారి చేత్తో చేసి చూడండి, కంఠస్థం చేయనవసరం ఉండదు.

దీన్ని తిప్పి రాస్తే, గంటకు 100 కి.మీ. వేగం దగ్గర ఇంజను నిమిషానికి సుమారు 3,465 చుట్లు తిరుగుతుంది. ఇంజనుకు ఇది ప్రమాదకరమైన వేగమేమీ కాదు. ఎంజీబీ ఇంజను గరిష్ఠ శక్తిని ఇచ్చేది 5,000 దాటిన తరవాతే. కాని రెండు గంటలపాటు ఆ శబ్దాన్ని, ఆ కంపనాన్ని భరించడం వేరే సంగతి. ఇంజనులో పిస్టన్ల ఘర్షణ, నూనెను, గాలిని లాగి తోసే శ్రమ చుట్ల సంఖ్యతో పెరుగుతాయి. ఆ శ్రమంతా పెట్రోలు నుంచే రావాలి.

9.3 ఐదో గేరు ఏం చేస్తుంది, ఏం చేయదు

ఐదో గేరు నిష్పత్తి 1 కన్నా తక్కువ. అంటే ఇంజను ఒక చుట్టు పూర్తి చేయకముందే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. 0.82 నిష్పత్తిని తీసుకొంటే, గంటకు 100 కి.మీ. దగ్గర చుట్లు 3,465 × 0.82 = 2,841కి దిగుతాయి. నిమిషానికి 620 చుట్లకు పైగా తగ్గుదల. చెవికి ఇది స్పష్టంగా తెలిసే తేడా.

అయితే చుట్లు తగ్గిన మేరకు చక్రం దగ్గర తోపు బలం కూడా తగ్గుతుంది. ఆ వేగం దగ్గర ఇంజను 140 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తోందనుకొందాం. చక్రం వ్యాసార్ధం సుమారు 0.299 మీటర్లు. మధ్యలో జరిగే నష్టాలను పక్కనబెడితే నాలుగో గేరులో తోపు బలం 140 × 3.909 ÷ 0.299 = సుమారు 1,830 న్యూటన్లు. ఐదో గేరులో అదే టార్క్‌కు ఇందులో 0.82 వంతు, అంటే సుమారు 1,500 న్యూటన్లు. పోయినది 330 న్యూటన్లు.

330 న్యూటన్లు ఎంత? డ్రైవరుతో కలిపి 1,000 కిలోల బరువున్న కారు, ప్రతి 30 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు పెరిగే వాలును ఎక్కడానికి అదనంగా కావలసిన బలం సుమారు ఇంతే. ఫ్లైఓవర్ ఎక్కేటపుడు, బరువైన లారీని దాటేటపుడు ఈ తేడా మీ కాలికి తెలుస్తుంది. అపుడు మళ్లీ నాలుగో గేరుకు రావలసిందే. ఐదో గేరు కారుకు శక్తిని చేర్చదు, గరిష్ఠ వేగాన్ని పెంచుతుందన్న హామీ కూడా లేదు. గాలి నిరోధాన్ని ఎదిరించేంత తోపు మిగలకపోతే కొన్ని కార్లలో నాలుగో గేరులో వచ్చే గరిష్ఠ వేగం ఐదో గేరులో రాదు. ఈ విషయం కారు యజమానికి ముందే చెప్పాలి. చెప్పకపోతే "బాక్స్ మార్చాక బండి లాగడం లేదు" అంటూ మూడో రోజే తిరిగి వస్తారు.

పెట్రోలు ఆదా మాటకొస్తే, ఇక్కడా కాగితం మీద చూడటమే మేలు. ఒకరు తన పాత కారును సంవత్సరానికి 2,000 కిలోమీటర్లు నడుపుతారనీ, లీటరుకు 10 కిలోమీటర్లు వస్తుందనీ అనుకొందాం. ఏడాదికి 200 లీటర్లు. ఆ ప్రయాణమంతా హైవే మీదే జరిగి, ఆదా 10 శాతం ఉందని ఉదారంగా లెక్కవేసినా మిగిలేది 20 లీటర్లు. గేర్‌బాక్స్, దానితో మారే భాగాలు, కూలీ ఖర్చు ఆ 20 లీటర్ల లెక్కన ఎన్నేళ్లకు తిరిగి వస్తాయో మీరే వేసుకోండి. ఈ మార్పిడి ప్రశాంతత కోసం చేసేది, డబ్బు మిగుల్చుకోవడానికి చేసేది కాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
ఐదో గేరు నిష్పత్తి 0.82 ఉన్న ఎంజీబీ గంటకు 80 కి.మీ. వేగంతో పోతున్నపుడు నాలుగో గేరులో, ఐదో గేరులో ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది? (మీ జవాబులు 2,770, 2,270లకు దగ్గరగా ఉండాలి.)

9.4 తుది నిష్పత్తినే మార్చితే?

ఇక్కడ చురుకైన విద్యార్థికి ఒక సందేహం రావాలి. గేర్‌బాక్స్ జోలికి పోకుండా వెనక ఇరుసులోని క్రౌన్ వీల్, పినియన్ జతను మార్చి తుది నిష్పత్తిని 3.307 చేస్తే? 1,000 చుట్లకు వేగం గంటకు 34.1 కి.మీ. అవుతుంది. దాదాపు ఐదో గేరు ఇచ్చే ఫలితమే!

నిజమే. కాని తుది నిష్పత్తి అన్ని గేర్లకూ ఉమ్మడి. ఎంజీబీ మొదటి గేరు 3.44. మొదట మొత్తం నిష్పత్తి 3.44 × 3.909 = 13.45 ఉండేది, ఇపుడది 3.44 × 3.307 = 11.38కి పడిపోతుంది. అంటే నిలబడిన కారును కదిలించే బలం 15 శాతం తగ్గింది. ఎత్తు మీద ఆగిన కారును కదిలించాలంటే క్లచ్‌ను ఎక్కువసేపు జార్చాలి. క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది.

గేర్లు ఎన్ని అన్నదానికన్నా మొదటి గేరుకూ చివరి గేరుకూ మధ్య ఎంత దూరం ఉందన్నది ముఖ్యం. మొదటి గేరు నిష్పత్తిని చివరి గేరు నిష్పత్తితో భాగిస్తే వచ్చేదాన్ని నిష్పత్తుల విస్తృతి అందాం. నాలుగు గేర్ల ఎంజీబీకి ఇది 3.44. కింద చూడబోయే ఫోర్డ్ గేర్‌బాక్స్‌కు 3.65 ÷ 0.82 = 4.45. ఐదో గేరు ఇచ్చే అసలైన లాభం ఈ విస్తృతి. కదలడానికి కావలసిన బలాన్ని వదులుకోకుండా హైవే మీద చుట్లను తగ్గించుకోవచ్చు.

9.5 ఏ గేర్‌బాక్స్?

ఎంజీబీకి ఎక్కువగా అమర్చేది ఫోర్డ్ టైప్-9. 1982లో వచ్చిన ఫోర్డ్ సియెరా వంటి కార్లలో వాడిన బాక్స్ ఇది. దీని బెల్ హౌసింగ్ విడిగా బోల్టులతో బిగించి ఉంటుంది. అందుకే వేరే ఇంజనుకు తగిన బెల్ హౌసింగ్ తయారుచేసుకొని దీన్ని జతచేయడం తేలిక. మరో ఎంపిక 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 కారు గేర్‌బాక్స్. మూడింటి నిష్పత్తులను పోల్చి చూడండి. ఎంజీబీ వరసలో ఉన్నవి 1967 చివర నుంచి వచ్చిన, అన్ని గేర్లకూ సింక్రోమెష్ ఉన్న బాక్స్ నిష్పత్తులు. ఫోర్డ్ వరసలో ఉన్నవి నాలుగు సిలిండర్ల కార్లకు వచ్చినవి.

గేరు | ఎంజీబీ | ఫోర్డ్ టైప్-9 | మాజ్డా ఎంఎక్స్-5
మొదటిది | 3.44 | 3.65 | 3.136
రెండోది | 2.167 | 1.97 | 1.888
మూడోది | 1.382 | 1.37 | 1.330
నాలుగోది | 1.00 | 1.00 | 1.000
ఐదోది | లేదు | 0.82 | 0.814

ఐదో గేరు వరసను చూసి ఆగిపోవద్దు. అక్కడ రెండు బాక్సులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి, రెండో గేర్ల వరసలు చూడండి. ఇంజనును 5,000 చుట్ల దాకా తీసుకుపోయి మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారితే చుట్లు ఎంతకు పడతాయి? పాత ఎంజీబీ బాక్స్‌లో 5,000 × 2.167 ÷ 3.44 = 3,150. ఫోర్డ్ బాక్స్‌లో 2,700. మాజ్డాలో 3,010. ఫోర్డ్ బాక్స్‌లో మొదటి గేరు చాలా పొట్టిది, రెండోది చాలా పొడుగ్గా ఉంది. మధ్యలో పెద్ద గుంత. ఊళ్లో మొదటి గేరులో కదిలిన వెంటనే రెండో గేరు వేయాలి, వేయగానే ఇంజను నీరసంగా అనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికే కొందరు నిపుణులు ఫోర్డ్ బాక్స్‌లో మొదటి గేరు నిష్పత్తిని మార్చి పొడుగు చేసి అమర్చుతారు.

మాజ్డా బాక్స్‌లో ఈ గుంత లేదు. కాని దాని మొదటి గేరు మొత్తం నిష్పత్తి 3.136 × 3.909 = 12.26 మాత్రమే. మాజ్డా కంపెనీ తన కారులో దీని వెనక 4.1 లేదా 4.3 తుది నిష్పత్తిని పెట్టింది; బాక్స్, ఇరుసు ఒక జతగా రూపొందాయి. 3.909 ఇరుసు మీద ఆ జత కొంత విడిపోతుంది. అయినా ఎంజీబీ బరువు తక్కువ, కింది చుట్ల దగ్గరే దాని ఇంజనుకు మంచి టార్క్ ఉంది, నడపవచ్చు. బరువైన కారుకు, చిన్న ఇంజనుకు ఇదే బాక్స్‌ను సిఫారసు చేయను.

ఇక మూడో దారి ఒకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఎంజీబీకి కంపెనీయే లేకాక్ అనే సంస్థ తయారుచేసిన ఓవర్‌డ్రైవ్‌ను ఐచ్ఛికంగా ఇచ్చింది. చివరి సంవత్సరాల్లో బ్రిటన్‌లో అమ్మిన కార్లన్నిటికీ ఇచ్చింది. ఇది గేర్‌బాక్స్ వెనక బిగించే, స్విచ్‌తో పనిచేసే అదనపు గేరు యంత్రం. తొలి రకంలో నిష్పత్తి 0.802, తరవాతి రకంలో 0.82. ఆ 0.82ను పట్టికలోని ఫోర్డ్ ఐదో గేరుతో పోల్చండి. అచ్చంగా అదే సంఖ్య! ఓవర్‌డ్రైవ్ ఉన్న ఎంజీబీకి ఐదు గేర్ల బాక్స్ వేయిస్తే హైవే మీద ఒక్క చుట్టు కూడా తగ్గదు. ఓవర్‌డ్రైవ్ పనిచేయడం లేదని కారు తెచ్చినవారికి మొదట దాని నూనె, సొలినాయిడ్, వైరింగ్ చూడటం మెకానిక్ ధర్మం. ఐదు గేర్ల బాక్స్ అంటగట్టడం కాదు.

9.6 గేర్‌బాక్స్‌తో పాటు మారేవి

గేర్‌బాక్స్ అనేది బల్బు కాదు, తీసి వేరేది పెట్టడానికి. ముందు ఇంజనుతో, వెనక ఇరుసుతో, పైన డ్రైవరు చేతితో, పక్కన స్పీడోమీటరుతో దానికి సంబంధాలున్నాయి. అవన్నీ తెంచి మళ్లీ కట్టాలి.

ముందుగా కారు శరీరం. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, శరీరమే ఛాసిస్. గేర్‌బాక్స్ దాగి ఉండే టన్నెల్ ఆ శరీరంలో వెల్డింగ్ చేసిన భాగం, కారు బలంలో దానికీ వాటా ఉంది. 1967 చివరలో వచ్చిన రెండో రకం ఎంజీబీలో, పెద్దదైన కొత్త బాక్స్ కోసం కంపెనీ ఈ టన్నెల్‌ను వెడల్పు చేసింది. కాబట్టి 1965 కారులో ఉన్న చోటు, 1972 కారులో ఉన్న చోటు ఒకటి కావు. కొలత తీసుకోకుండా "ఎంజీబీకి సరిపోతుంది" అన్న మాటను నమ్మి బాక్స్ కొంటే, చివరికి సుత్తితోనో గ్రైండరుతోనో టన్నెల్ మీద పడవలసి వస్తుంది. ఈ పనిలో వెనక్కి తీసుకోలేని ఒకే ఒక అడుగు అది. బోల్టులతో బిగించినది ఎపుడైనా విప్పవచ్చు. కోసిన రేకు మునుపటిలా కాదు. కోత లేకుండా అమరే కిట్ కాస్త ఖరీదైనా దానివైపే మొగ్గండి. తీసిన పాత బాక్స్‌ను నూనె పూసి, గుడ్డ చుట్టి, యజమానికే అప్పగించండి. రేపు ఆ కారును కొనేవారు అది ఉందా అని అడుగుతారు.

ఎంజీబీలో గేర్‌బాక్స్‌ను మాత్రమే కిందినుంచి దించడం కుదరదు. ఇంజను, బాక్స్ కలిపి బానెట్ వైపు నుంచి ఎత్తి తీయాలి. అందుకే ఇంజను బయట ఉన్నపుడే క్లచ్, వెనక ఆయిల్ సీలు చూసుకోవడం తెలివైన పని.

తరవాత బెల్ హౌసింగ్. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు కొన క్రాంక్ షాఫ్టు వెనక కొనలోని చిన్న పైలట్ బుష్‌లో కూర్చుంటుంది. ఫోర్డ్ షాఫ్టు కొన వ్యాసం, ఎంజీబీ బుష్ రంధ్రం సరిపోవు కాబట్టి కొత్త బుష్ కావాలి. షాఫ్టు మీది స్ప్లైన్లు కూడా వేరు. క్లచ్ ప్లేటు మధ్యభాగం ఫోర్డ్ స్ప్లైన్లతో, బయటి వ్యాసం ఎంజీబీ ప్రెజర్ ప్లేటుకు సరిపడేలా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, బహుశా అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఏకకేంద్రీయత. క్రాంక్ షాఫ్టు మధ్యరేఖ, గేర్‌బాక్స్ మధ్యరేఖ ఒకే గీత మీద ఉండాలి. కొత్తగా చేయించిన బెల్ హౌసింగ్‌లో ఇది తప్పే అవకాశం ఉంది. ఫ్లైవీల్‌కు డయల్ ఇండికేటర్‌ను అయస్కాంతంతో బిగించి, దాని మొనను బెల్ హౌసింగ్ వెనక రంధ్రం లోపలి అంచుకు ఆనించి, క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. ముల్లు మొత్తం కదలికలో సగం, రెండు మధ్యరేఖల మధ్య ఉన్న తేడాను చూపుతుంది. ఆ తేడా 0.1 మి.మీ. చుట్టుపక్కల దాటితే సరిచేయకుండా ముందుకు పోవద్దు. సరిచేయకపోతే మొదటి రోజు ఏమీ తెలియదు. క్లచ్ కాస్త వణుకుతుంది, గేరు పడటం కాస్త బరువుగా ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల తరవాత పైలట్ బుష్, ఇన్‌పుట్ బేరింగ్ అరిగి కూర్చుంటాయి. అపుడు నేరం గేర్‌బాక్స్ మీదికి పోతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది, ముందు కొన జాయింటు కూడా మారుతుంది. వెనక ఇరుసు ఆకు స్ప్రింగుల మీద పైకీ కిందికీ కదిలేటపుడు గేర్‌బాక్స్‌కూ ఇరుసుకూ మధ్య దూరం కొంచెం మారుతూ ఉంటుంది. ఇరుసు పూర్తిగా వేలాడినపుడు, పూర్తిగా పైకి నొక్కుకొన్నపుడు రెండు స్థితుల్లోనూ స్లైడింగ్ జాయింటు ఊడిపోకూడదు, కొసకు తగలకూడదు. పొడవు మార్చిన షాఫ్టును తప్పకుండా బ్యాలెన్స్ చేయించాలి. నాలుగో గేరులో ఇంజనుతో సమానంగా తిరిగే షాఫ్టు, ఐదో గేరులో ఇంజను కన్నా వేగంగా తిరుగుతుందని మరవకండి.

కోణాలు కూడా చూడాలి. యూనివర్సల్ జాయింటు వంగి తిరిగేటపుడు, అవతలి షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకొని రెండుసార్లు మందగిస్తుంది. రెండో జాయింటు అంతే కోణంలో ఉంటే ఈ హెచ్చుతగ్గులు పరస్పరం రద్దవుతాయి. అంటే గేర్‌బాక్స్ తోక, ఇరుసు పినియన్ రెండూ సమాంతర రేఖల మీద ఉండాలి. కొత్త బాక్స్‌కు వెనక మౌంటు తయారుచేసేటపుడు అరంగుళం ఎత్తు ఎక్కువైనా ఈ సమాంతరత చెడుతుంది. ఫలితం: ఒక నిర్దిష్ట వేగం దగ్గర కారంతా గుంయ్ మనడం.

స్పీడోమీటరు గేర్‌బాక్స్ తోకలోని చిన్న పళ్ల చక్రం నుంచి కేబుల్ ద్వారా నడుస్తుంది. కొత్త బాక్స్‌లో ఆ పళ్ల లెక్క వేరు. పాత మీటరు తప్పు వేగం చూపిస్తుంది. కిలోమీటరు రాళ్లతోనో, ఫోను జీపీఎస్‌తోనో పోల్చి తేడా కనుక్కొని, మీటరును సవరించే చోట ఇచ్చి దిద్దించాలి. యజమాని "నాకు అలవాటైపోతుంది లెండి" అంటే ఒప్పుకోవద్దు. తప్పుడు వేగం చూపే కారును రోడ్డు మీదికి పంపడం మీ బాధ్యతలో లోపం. రివర్స్ దీపం స్విచ్ సంగతీ ఇంతే. చిన్నదే కాని లేకపోతే చలానా యజమానికి, చెడ్డపేరు మీకు.

చివరగా నూనె. ఎంజీబీ పాత బాక్స్‌లో ఇంజను నూనెనే వాడేవారు. ఫోర్డ్ బాక్స్‌కు పలచటి గేర్ నూనె కావాలి. ఇరుసులో పోసే చిక్కటి నూనెను "గేర్ ఆయిలే కదా" అని ఇందులో పోయకండి. అందులోని కొన్ని రసాయనాలు సింక్రో రింగుల ఇత్తడిని తినేస్తాయి. చిక్కదనం వల్ల చలిలో గేర్లు మొరాయిస్తాయి. టైప్-9లో ఐదో గేరు జత ప్రధాన గదికి వెనక, తోక భాగంలో ఉంటుంది. ఈ బాక్స్‌కు సాధారణంగా డ్రెయిన్ ప్లగ్ ఉండదు కాబట్టి పాత నూనెను కారులో ఎక్కించకముందే ఒంపేసి, కొత్తది సరైన మట్టం దాకా పోయడం సులువు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
మార్పిడి తరవాత ఒక కారు గంటకు 70 కి.మీ. దాటితే వణుకుతోంది, క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో జారనిచ్చినా అదే వేగం దగ్గర వణుకు ఆగడం లేదు. లోపం బెల్ హౌసింగ్ వైపు ఉండవచ్చా, ప్రొపెల్లర్ షాఫ్టు వైపు ఉండవచ్చా? కారణం చెప్పండి.

9.7 అంబాసిడర్ పోయిన దారి

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌కు దశాబ్దాలపాటు నాలుగు గేర్లే ఉండేవి. 1990ల ఆరంభంలో కంపెనీ దానికి ఐదు గేర్లు ఇచ్చింది. కాని ఎలా ఇచ్చింది? బి-సిరీస్ ఇంజను వెనక ఐదు గేర్ల బాక్స్ తగిలించలేదు. జపాన్‌కు చెందిన ఇసుజు 1817 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, దాని ఐదు గేర్ల బాక్స్‌ను కలిపి ఒకే జతగా తెచ్చి పెట్టింది.

ఇందులో ఉన్న తర్కం మీరు పైన చేసిన లెక్కల్లోనే ఉంది. అంబాసిడర్ ఎంజీబీ కన్నా బరువైన కారు, దాని 1489 ఇంజను టార్క్ తక్కువ. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో పోయే బండి అది. చుట్లు తగ్గించిన మేరకు పోయే తోపును ఆ చిన్న ఇంజను భరించడం కష్టం. ఐదో గేరు ఉన్నా డ్రైవరు చేయి మళ్లీ మళ్లీ నాలుగో గేరుకే పోతుంది. ఇపుడు ఎవరైనా 1489 ఇంజను ఉన్న అంబాసిడర్ తెచ్చి ఐదు గేర్లు అడిగితే, ఈ సంగతి వారికి వివరించడం మీ మొదటి పని.

9.8 చట్టం, వాహన పత్రాలు

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఇంజను మారితే నంబరు, ఘన పరిమాణం మారతాయి కాబట్టి ముందస్తు అనుమతి, పత్రంలో సవరణ తప్పవు. గేర్‌బాక్స్ మాత్రమే మార్చినా, పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయాన్ని, బీమా కంపెనీని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోవడం క్షేమం. ప్రమాదం జరిగిన తరవాత బీమా సర్వేయరు అడిగే ప్రశ్నలకు "మెకానిక్ చెప్పాడు" అన్నది జవాబు కాదు.

50 ఏళ్లు దాటిన కార్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానం చేర్చారు. వాటికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. ఆ గుర్తింపు దొరకాలంటే వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, శరీరం, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ నిర్వచనంలో గేర్‌బాక్స్ పేరు లేదు. కాని టన్నెల్ కోస్తే అది శరీరంలో మార్పే. కోత లేని కిట్ ఎంచుకొమ్మని 9.6లో చెప్పడానికి ఇదొక అదనపు కారణం.

9.9 రోడ్డు పరీక్ష

బిగింపు పూర్తయిన తరవాత కారును జాకీ స్టాండ్ల మీద ఎత్తి, ఇంజను నడిపి ఒక్కొక్క గేరు వేసి చూడండి. రివర్స్‌ను ప్రత్యేకంగా చూడాలి. ఐదు గేర్ల బాక్స్‌లో దాని స్థానం పాత బాక్స్‌లో ఉన్న చోట ఉండకపోవచ్చు, యజమాని చేయి పాత అలవాటుతో పోతుంది. గేరు నాబ్ మీద కొత్త అమరిక బొమ్మ ఉండేలా చూడండి.

తరవాత రోడ్డు మీద నెమ్మదిగా 20 కిలోమీటర్లు. తిరిగి వచ్చి బెల్ హౌసింగ్ బోల్టులు, మౌంటు బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లేంజి బోల్టులు మళ్లీ బిగించి, సీళ్ల దగ్గర నూనె కారుతోందేమో చూడండి. చల్లారిన తరవాత నూనె మట్టం ఇంకోసారి చూడాలి. ఆ తరవాతే హైవే. ఐదో గేరులో గంటకు 50 కి.మీ. దగ్గర ఇంజనును బలవంతంగా లాగించవద్దని యజమానికి చూపించి చెప్పండి. ఎంజీబీ లెక్కన ఆ వేగానికి చుట్లు 1,420 మాత్రమే. అంత తక్కువ చుట్ల దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే బేరింగుల మీద పడే భారం 3,500 చుట్ల గోల కన్నా చేటు. బ్రేకుల గురించి కూడా అపుడే మాట్లాడండి. నిశ్శబ్దంగా పోతున్న కారు నెమ్మదిగా పోతున్నట్లు అనిపిస్తుంది. బ్రేకులు మాత్రం 1960ల నాటివే.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. నిష్పత్తుల విస్తృతి అంటే ఏమిటి? తుది నిష్పత్తిని మాత్రమే మార్చడం ఐదో గేరుకు ఎందుకు ప్రత్యామ్నాయం కాలేదో లెక్కతో వివరించండి.

2. ఓవర్‌డ్రైవ్ ఉన్న ఒక ఎంజీబీ యజమాని హైవే మీద ఇంజను శబ్దం తగ్గాలని ఫోర్డ్ టైప్-9 బాక్స్ అడుగుతున్నారు. ఆయనకు మీరు ఇచ్చే సలహాను అంకెలతో సహా ఒక పేజీ ఉత్తరంగా రాయండి.

3. మీకు అందుబాటులో ఉన్న ఏదైనా పాత కారు టైరు చుట్టుకొలతను నేల మీద సుద్దగీత గీసి ఒక చుట్టు దొర్లించి కొలవండి. ఆ కారు మాన్యువల్ నుంచి గేరు నిష్పత్తులు, తుది నిష్పత్తి తీసుకొని ప్రతి గేరులో 1,000 చుట్లకు వచ్చే వేగాన్ని పట్టికగా వేయండి. ఆ కారుకు 0.82 ఐదో గేరు అవసరమా కాదా, మీ నిర్ణయాన్ని కారణాలతో రాయండి.